అడ్డవిల్లు అడవిలోకి రావచ్చునా?

జింకను ఒక రకం వింటితో కొడితే న్యాయం, ఇంకో రకం వింటితో కొడితే అన్యాయం అని చదువూ సంధ్యా వున్న పెద్దమనుషులు ఏళ్ళతరబడి తగవులాడుకుంటారంటే మనవాళ్ళకు నమ్మబుద్ధి కాదు. చచ్చే జింకకు ఏ విల్లయితేనేం అంటారు. అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పల్లెపట్టున పదిహేనేళ్ళుగా కాపురముంటూ, ఈ తగవులో ఇరుపక్షాల వాదాలూ విన్నవాణ్ణి గనుక చెబుతున్నాను: ఇది నవ్వి తీసిపారేయదగ్గ సంగతి కాదు. ఇందులో ఒక ముసలివాడి మిగిలిన నాలుగు ఆకురాలుకాలాలున్నాయి. ఒక రాష్ట్రపు అడవి వున్నది. దెబ్బ తిని చావక, బతకక చీకట్లో పడివుండే జింక కూడా వున్నది.

నేను మాంసం ముట్టనివాణ్ణి. తుపాకి గాని, విల్లు గాని వేటకు చేతపట్టి ఎరుగను. అందుచేతనే కాబోలు, మా వీధిలో ఇరుపక్షాలవారూ నన్ను తీరుపరిగా ఒప్పుకుంటారు. తగవేమిటో చెప్పేముందు, పాఠకుల మనసులో మెదిలే ప్రశ్నకు జవాబు చెప్పాలి. అసలు జింకను చంపడమెందుకు? మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను కొట్టినవాడు జైలుకు పోతాడు. అమెరికాలో మాత్రం అది లైసెన్సు కొనుక్కుని చేసే పని.

ఇక్కడి జింకకు తోక అడుగు తెల్లగా వుంటుంది. బెదిరినప్పుడు ఆ తోకను తెల్లజెండాలా ఎత్తి పారిపోతుంది. తెల్లతోక జింక అంటారు. పెన్సిల్వేనియాకు 1959 నుంచి అదే రాష్ట్ర జంతువు. రాష్ట్ర జంతువని పేరు పెట్టి, ఏటా లక్షల సంఖ్యలో కొట్టి తింటారేమిటని అడిగితే, ప్రేమ వుండబట్టే అంటారు. వినడానికి వింతగా వున్నా అందులో కొంత నిజం లేకపోలేదు. 1900 ప్రాంతానికి ఈ రాష్ట్రంలో జింక కనబడడమే అరుదైపోయింది. అడవులు నరికారు, అడ్డూ ఆపూ లేకుండా కొట్టి అంగళ్ళలో అమ్మారు. అప్పుడు వేటగాళ్ళే మేలుకొని, చట్టాలు చేయించి, 1906 నుంచి పై రాష్ట్రాల జింకలను కొని తెప్పించి అడవుల్లో వదిలారు. ఈనాటికీ రాష్ట్రంలోని అడవి జంతువుల శాఖ జనం కట్టే మామూలు పన్నులమీద గాక, ఎక్కువగా వేటగాళ్ళ లైసెన్సుల రాబడిమీదా, అటువంటి ఇతర ఆదాయాలమీదా నడుస్తున్నది. దేశం మొత్తానికి 1937లో ఒక చట్టం వచ్చింది. దానిప్రకారం తుపాకులమీద విధించే పన్నును అడవి జంతువుల సంరక్షణకే ఖర్చు పెట్టాలి. 1972లో విల్లంబులను కూడా ఆ చట్టం కిందికి తెచ్చారు.

ఇంత చేసి జింకలను పెంచారా, వాటిని అదుపులో వుంచే తోడేళ్ళూ, కొండసింహాలూ ఈ రాష్ట్రంలో పందొమ్మిదో శతాబ్దంలోనే నశించిపోయాయి. ఇక అడ్డేమున్నది? మొలిచిన ప్రతి ఓకు మొక్కనూ మొదలంటా మేసేస్తే అడవికి పిల్లచెట్లు మిగలవు. రాత్రివేళ రోడ్డుకు అడ్డంపడి కార్ల కింద పడతాయి. జింక గుద్దిన కారును ఇంటి ముంగిట చూడని వీధి మా వూళ్ళో లేదు. లైమ్ జ్వరమని మరొకటి వున్నది. ఆ క్రిమి జింకలో వుండదు, ఎలుకల్లో వుంటుంది. దాన్ని మనుషులకు అంటించే పిడుదు మాత్రం జింకల రక్తం తాగి పెరుగుతుంది. ఇన్ని వున్నాయి గనుక కొన్ని జింకలను తగ్గించక తప్పదని ఇక్కడ దాదాపు అందరూ ఒప్పుకున్నారు. ఎప్పుడు, ఎవరు, దేనితో అన్నదగ్గరే పేచీ.

ఈ పేచీకి మూలం పంచాంగంలో వున్నది. తుపాకి వేటకు ఇచ్చింది రెండు వారాలు. నవంబరు చివరలో, థాంక్స్‌గివింగ్ పండుగ వెళ్ళిన శనివారం మొదలవుతుంది. (2019కి ముందు సోమవారం మొదలయ్యేది. ఆ సోమవారం బడులకు సెలవులిచ్చిన వూళ్ళున్నాయి.) విల్లంబుల వేటకు మాత్రం ఇంచుమించు ఏడు వారాలు. అక్టోబరు తొలి దినాలకు అటూయిటూగా మొదలై నవంబరు మధ్య దాటేదాకా వుంటుంది. చెట్ల ఆకులు బంగారపు రంగు తిరిగే ముచ్చటైన కాలం. అంతకన్న ముఖ్యం, అది మగజింకలు జతకోసం ఒళ్ళు తెలియకుండా తిరిగే కాలం. ఏడాది పొడుగునా మనిషి వాసన తగిలితే మాయమయ్యే కొమ్ముల పోతు నవంబరు మొదట్లో పట్టపగలు ఆడజింక వెంట పరుగెడుతూ ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

ఇంత మంచి కాలాన్ని విలుకాళ్ళకు ఎందుకు ధారపోశారు? వాళ్ళవల్ల పెద్దగా ఏమీ కాదు గనుక. విల్లు కష్టమైన ఆయుధం. ఇరవై గజాల దగ్గరికి జింక రావాలి. అది చూడకుండా నారి లాగాలి. లాగి పట్టుకున్న చేయి వణక్కుండా వుండాలి. వందమంది పోతే తొంభైమంది ఉత్త చేతులతో తిరిగి వస్తారన్న ధీమాతో, ‘పోనీ, వాళ్ళకు నాలుగు వారాలు ఎక్కువిద్దాం’ అనుకున్నారు. అది ఒక ఒడంబడిక. కష్టపడతావా, అయితే కాలం ఎక్కువ తీసుకో. నన్నడిగితే, ఈ తగవులో ఇరుపక్షాలవారూ ఎన్ని మాటలు విసురుకున్నా, అసలు ప్రశ్న ఒక్కటే. విల్లు ఎంత సులువైనదాకా ఈ ఒడంబడిక చెల్లుతుంది?

ఈ దేశంలో విల్లంబుల వేట పాతదే అయినా, తెల్లవాళ్ళు దానికి మళ్ళీ మరిగింది ఇరవయ్యో శతాబ్దంలోనే. దాని వెనుక ఒక కథ వున్నది. 1911లో కాలిఫోర్నియాలో ఓరోవిల్ అనే వూరి దగ్గర ఆకలితో నకనకలాడుతున్న ఒక ఆదివాసి కనిపించాడు. యాహి అనే తెగలో అతడే ఆఖరివాడు. తనవాళ్ళంతా పోయారు. పేరు చెప్పడం వాళ్ళ ఆచారం కాదు గనుక, వాళ్ళ భాషలో మనిషి అని అర్థం వచ్చే ‘ఇషీ’ అన్న మాటతోనే పిలిచారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అతనికి వైద్యం చేసిన డాక్టరు శాక్స్‌టన్ పోప్ రోగి దగ్గరే శిష్యరికం చేసి, విల్లు చెక్కడమూ, బాణం కట్టడమూ, పొదలచాటున పాకుతూ జింకను సమీపించడమూ నేర్చుకున్నాడు. ఇషీ 1916లో క్షయతో పోయాడు. పోప్ 1923లో విల్లంబుల వేటమీద పుస్తకం రాశాడు. దాన్ని చదివి దేశమంతటా కుర్రవాళ్ళు విల్లు పట్టారు. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం విలుకాళ్ళకని ప్రత్యేకంగా జింకల వేట ఏర్పాటు చేసింది. పెన్సిల్వేనియాలో అది 1951లో మొదలయింది.

అప్పటి విల్లు మన పురాణాల్లో విన్న విల్లువంటిదే. ఒక బద్ద, ఒక నారి. ఎంత లాగితే అంత బరువు. అక్కడికి మిస్సోరి రాష్ట్రానికి చెందిన హోలెస్ ఆలెన్ అనే ఆయన వచ్చాడు. వింటికి రెండు కొసలా చక్రాలు బిగించి 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1969లో అది మంజూరయింది. మనం బావి గిలకమీదుగా చేద తోడుతాం చూడండి, ఇంచుమించు ఆ ఉపాయమే. అదే కాంపౌండు విల్లు. మనవాళ్ళకు కొత్తది కాదు. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు కొట్టింది ఆ గిలకల వింటితోనే. లాగేటప్పుడు 70 పౌన్ల బరువుంటే, పూర్తిగా లాగాక చక్రాలు తిరిగి నూటికి 80 పాళ్ళు భారం తామే మోస్తాయి. విలుకాడి చేతిలో మిగిలేది 14 పౌన్లు. గురి చూసుకోవడానికి కావలసినంత వ్యవధి.

ఆ గిలకల విల్లు వచ్చినప్పుడు పాత విలుకాళ్ళు ఏమన్నారో తెలుసునా? ఇది విల్లు కాదు, యంత్రం అన్నారు. దీన్ని మా వేటలోకి రానిస్తే ఒడంబడిక చెడుతుందన్నారు. ఈనాడు అదే గిలకల విల్లు పట్టుకున్నవాళ్ళు లేచి, క్రాస్‌బోను చూపించి, ఇది విల్లు కాదు, తుపాకి అంటున్నారు. కోడలు అత్తగారయింది!

ఇక ఆ క్రాస్‌బో సంగతి. తుపాకి మడమవంటి చెక్కమీద విల్లును అడ్డంగా బిగిస్తారు గనుక మనం అడ్డవిల్లు అందాం. నారిని వెనక్కులాగి ఒక కొక్కేనికి తగిలించి వదిలేస్తే అలాగే బిగిసి వుంటుంది. పైన చిన్న దుర్భిణీ. భుజానికి ఆనించి, చూసి, మీట నొక్కడమే. నారి బరువు 150 నుంచి 200 పౌన్ల దాకా వుంటుంది. ఉత్త చేతులతో లాగడం కష్టం గనుక తాడుతోనో, చేతిమరతోనో ఎక్కుపెడతారు. తెలియనివాడు పట్టుకుంటే ప్రమాదమే. బొటనవేలు నారి దారిలో పైకి వుంచి మీట నొక్కితే వేలు దక్కదు.

దీనికి అపకీర్తి ఈనాటిది కాదు. 1139లో రోములో లాటరన్ చర్చిలో కూడిన మతసభ, క్రైస్తవులమీద అడ్డవిల్లువాళ్ళూ విలుకాళ్ళూ తమ విద్య ప్రయోగించరాదని శాసించింది. అప్పుడు పాత విల్లునూ దీనితోపాటే కట్టి వెలివేశారన్న సంగతి మా విలుకాళ్ళు మరచిపోతుంటారు. ఇంగ్లండు రాజు మొదటి రిచర్డు 1199లో ఫ్రాన్సులో ఒక కోటముందు అడ్డవిల్లు దెబ్బ తిని, పుండు కుళ్ళి చనిపోయాడు. గుర్రమెక్కిన రాజును గోడచాటునుంచి ఒక మామూలు మనిషి కొట్టగలగడమే దానిమీద పెద్దలకున్న కోపం. మరో విచిత్రం. రాబిన్‌హుడ్ పుట్టిన ఆ బ్రిటనులోనే 1981 చట్టం ప్రకారం అడవి జంతువును విల్లుతోగాని, అడ్డవిల్లుతోగాని కొట్టడం నేరం. అక్కడ జింకకు తుపాకి ఒక్కటే.

మా పక్కింటాయనకు డెబ్భై దగ్గర పడుతున్నాయి. వడ్రంగి. నలభై ఏళ్ళు ఇళ్ళ కప్పులు కట్టి కట్టి కుడి భుజం అరిగిపోయింది. రెండుసార్లు ఆపరేషను చేశారు. ఇంకా కాలేజీ వయసు రాకముందునుంచీ ప్రతి అక్టోబరులోనూ విల్లు పట్టుకుని కొండమీద ఒకే ఓకు చెట్టుకు మంచె కట్టుకుని కూర్చున్నవాడు. భుజం పోయిన ఏడు మంచె ఎక్కలేదు. కిటికీ దగ్గర కూర్చుని కొండవంక చూస్తూ వుండేవాడని ఆయన భార్య చెప్పింది. మరుసటి ఏడు అడ్డవిల్లు కొన్నాడు. ఆయన బావమరిది, ఆయనకన్న పదేళ్ళు చిన్నవాడు, గిలకల విల్లు పడతాడు. జూన్ మొదలు రోజూ సాయంత్రం పెరట్లో అరవై బాణాలు వేస్తాడు. ఆ శబ్దం మా వంటింట్లోకి వినబడుతుంది. అడ్డవిల్లు చూసి అతను నొచ్చుకున్నాడు. తిట్టలేదు. బావ భుజం సంగతి అతనికీ తెలుసు.

‘ఆయనకు ఇవ్వండి, నేను కాదనను,’ అన్నాడు నాతో. ‘భుజం లేనివాళ్ళకు, చేయి లేనివాళ్ళకు డాక్టరు చీటీమీద ఎప్పటినుంచో ఇస్తూనే వున్నారు. ఆరోగ్యంగా వున్న పాతికేళ్ళవాడికి ఎందుకు? విల్లు అంటే జింక ఎదురుగా వున్నప్పుడు లాగడం. అప్పుడు చేయి కదులుతుంది. జింక ఆ కదలిక చూస్తుంది. పదిసార్లలో ఏడుసార్లు అక్కడే వేట అయిపోతుంది. అదే జింకకు మేమిచ్చే అవకాశం. అడ్డవిల్లువాడు ఇంట్లోంచి వచ్చి మంచె ఎక్కగానే బిగించి ఒళ్ళో పెట్టుకుంటాడు. ఇక వేలు కదిపితే చాలు.’

ఈ మాటలో బలమున్నది. రెండు ఆయుధాలకూ వున్న నిజమైన తేడా ఇదొక్కటే. వేగం కాదు, దూరం కాదు. అడ్డవిల్లును తుపాకితో పోల్చేవాళ్ళు ఈ అంకెలు చూడాలి. తుపాకి గుండు తులంకన్న తక్కువ తూగి, సెకనుకు దాదాపు 3 వేల అడుగులు పోతుంది. అడ్డవిల్లు బాణం రెండు తులాలకు కొంచెం పైన తూగి, మంచి రకానిదైతే 400 అడుగులు పోతుంది. గిలకల విల్లు 300 అడుగులు. ఇందులో ఏది దేనికి దగ్గర చుట్టమో చెప్పనక్కరలేదు. 40 గజాల దూరానికి అడ్డవిల్లు బాణం సెకనులో పది భాగాలు చేస్తే మూడు భాగాల కాలం తీసుకుంటుంది. నారి మోత ఒక భాగంలోనే జింక చెవిని చేరుతుంది. మిగిలిన ఆ రెప్పపాటులో బెదిరిన జింక ఎగరడానికని ముందుకాళ్ళు వంచి కుంగుతుంది. గుండెకు గురిపెట్టిన బాణం వీపును చీల్చుకు పోతుంది, లేదా పైనుంచే పోతుంది. అందుచేత తెలిసినవాడు అడ్డవిల్లు పట్టినా ముప్పై, నలభై గజాలు దాటి కొట్టడు. దుర్భిణీలో జింక దగ్గరగా కనబడుతుంది గనుక తెలియనివాడు కొడతాడు. అసలు ప్రమాదం అక్కడున్నది.

రెండేళ్ళ కిందట అక్టోబరులో ఒక సాయంత్రం అటువంటిదే జరిగింది. ఎవరో కుర్రవాడు. వారం కిందట దుకాణంలో అడ్డవిల్లు కొన్నాడు. డెబ్భై గజాల దూరంలో వున్న ఆడజింకను కొట్టాడు. అది పరుగెత్తి మా ఇళ్ళ వెనుకనున్న వాగు దాటింది. కుర్రవాడు ఏడుపు మొహంతో మా పక్కింటి తలుపు తట్టాడు. ముసలాయనా, బావమరిదీ లాంతర్లు తీసుకుని బయల్దేరారు. నేనూ వెళ్ళాను. ఎండుటాకులమీద నెత్తురు బొట్లు వెతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మేపుల్ ఆకులకే ఎర్ర మచ్చలుంటాయి. ప్రతి ఆకూ తిప్పి, వేలితో రాసి చూడాలి. తడి తగిలితే నెత్తురు, లేకపోతే ఆకు రంగు. చివరి నెత్తురు కనబడినచోట ఒక కాగితం ముక్క కొమ్మకు గుచ్చి, మోకాళ్ళమీద పాకుతూ ముందుకు పోతారు. తొమ్మిదింటికి మొదలుపెట్టాం. రాత్రి రెండు గంటలవేళ బావమరిదే దాన్ని కనుక్కున్నాడు. ఇంకా ప్రాణం పోలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో ఇక్కడ రాయను. తిరిగి వచ్చేటప్పుడు నలుగురిలో ఎవరూ మాట్లాడలేదు. కుర్రవాడి అడ్డవిల్లును ముసలాయనే మోసుకువచ్చాడు.

ఈ కథ విన్నవాళ్ళు, చూశారా, అడ్డవిల్లు పాపిష్టిది అంటారు. అలా అనడానికి వీలులేదు. మేరీలాండ్ రాష్ట్రంలో ఒక నౌకాదళ స్థావరంలో 1989 నుంచి 2006 దాకా విల్లుతోనూ, అడ్డవిల్లుతోనూ కొట్టిన జింకల లెక్క రాసి పెట్టి, 2008లో ప్రకటించారు. దెబ్బ తిని దొరకకుండా పోయినవి నూటికి 18. గిలకల విల్లుకూ, అడ్డవిల్లుకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే అడ్డవిల్లు గాయపరచి వదిలేసే ఆయుధమనే వాదమూ నిలవదు, అడ్డవిల్లయితే జింక సుఖంగా పోతుందని దుకాణాలవాళ్ళు చెప్పే మాటా నిలవదు. నూటికి 18 అనేది మాత్రం ఇరుపక్షాలవారికీ నిద్ర పట్టనివ్వకూడని అంకె.

మరి ఇన్ని రాష్ట్రాలు ఏం చేశాయి? ఆర్కన్సా 1973లోనే తలుపు తెరిచింది. మా పొరుగున వున్న ఒహాయోలో 1982 నుంచి రాష్ట్రమంతటా అడ్డవిల్లు విలుకాళ్ళ కాలంలో చెల్లుతున్నది. అక్కడ జింకలు అంతరించలేదు సరిగదా, పెద్దకొమ్ముల పోతులకోసం పై రాష్ట్రాలవాళ్ళు ఈనాటికీ ఒహాయోకే పోతారు. పెన్సిల్వేనియాలో 2009లో అందరికీ అనుమతించారు. అప్పుడు జరిగినంత రభస ఇక్కడ జింకల విషయంలో అరుదు. విస్కాన్సిన్ 2014లో వేరే లైసెన్సు పెట్టి అనుమతిస్తే, కొద్ది ఏళ్ళలోనే అడ్డవిల్లుకు పడిన జింకల సంఖ్య మామూలు విల్లుకు పడినవాటిని మించిపోయింది. మినెసోటా 2023లో తెరిచింది. 1961లో వెలసిన పోప్ అండ్ యంగ్ క్లబ్బు మాత్రం (ఇషీ శిష్యుడు పోప్ పేరూ, ఆయన వేట మిత్రుడి పేరూ కలిపి పెట్టుకున్నది) అడ్డవిల్లుతో కొట్టిన కొమ్ములను తన రికార్డు పుస్తకంలోకి ఎక్కించదు. క్లబ్బుకు ఆ హక్కు వున్నది. దాని పుస్తకం, దాని ఇష్టం. చట్టం సంగతి వేరు.

తలుపు తెరవడానికి ప్రభుత్వాలకు వున్న కారణాలు కరుణకన్న లెక్కకు సంబంధించినవి. దేశంలో వేటాడేవాళ్ళు 2011లో 1 కోటి 37 లక్షలమంది వుండగా, 2016 నాటికి 1 కోటి 15 లక్షలకు దిగారు. వున్నవాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు. లైసెన్సులు తగ్గితే అడవి కాపలాకు డబ్బు తగ్గుతుంది. జింకలు మాత్రం పేటల్లో, ఇళ్ళ మధ్య చేరుతున్నాయి. అక్కడ తుపాకి పేల్చడానికి వీలులేదు. మా రాష్ట్రంలో ఇంటికి 150 గజాల లోపల తుపాకి ఎత్తకూడదు. విల్లుకూ, అడ్డవిల్లుకూ 50 గజాలు చాలు. గులాబి మొక్కలన్నీ మేసిపోయిన ఇల్లాలికి ఈ 50 గజాల విలువ తెలుసు.

కాని ఒడంబడిక సంగతి? పెన్సిల్వేనియా శాఖవారి అంచనా ప్రకారం 2022–23లో మొత్తం 4,22,960 జింకలను కొట్టారు. అందులో 1,45,640 విల్లుకూ, అడ్డవిల్లుకూ కలిపి పడ్డాయి. అంటే మూడోవంతుకన్న ఎక్కువ. తొంభైమంది ఉత్తచేతులతో వస్తారన్న పాత ధీమా ఇక చెల్లదు. ఇక్కడ ఒక్కొక్క వేటగాడికి ఏడాదికి ఒక్క కొమ్ముల పోతే. అయినా అక్టోబరులో పడిన పోతు డిసెంబరులో తుపాకివాడికి కనబడదు. పట్నంలో వారమంతా ఉద్యోగం చేసుకుని, కొడుకును వెంటబెట్టుకుని ఆ రెండు వారాల్లో దొరికిన ఒకటి రెండు రోజులు కొండకు పోయేవాడు ఏమంటాడు? విల్లు విల్లంటూ మంచి పంటంతా ముందే కోసుకుపోయారే అంటాడు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. ఈ వాదంలో వాడి గొంతు వినబడదు గాని, నిజంగా నష్టపోయేవాడు వాడే.

అందుచేత నా తీర్పు ఇది. అడ్డవిల్లును రానివ్వాలి. ముసలివాళ్ళకే కాదు, అందరికీ. డాక్టరు చీటీ తెచ్చుకోమనడం నాకు నచ్చదు. అరవై ఏళ్ళు కొండమీద పెరిగినవాడు తన భుజం అరిగిందని గుమాస్తా ముందు రుజువు చేసుకోవాలా? మా పక్కింటాయన మనవరాలికి పధ్నాలుగేళ్ళు. 40 పౌన్ల విల్లు లాగలేదు. తాతతో మంచె ఎక్కి రెండేళ్ళుగా ఊరికే కూర్చుంటున్నది. ఆమెకు ఏ డాక్టరు చీటీ ఇస్తాడు? కొమ్ముల పోతులు మరీ తగ్గుతున్నాయని లెక్క తేలిన ప్రాంతంలో విలుకాళ్ళ కాలాన్నే ఒక వారం కుదించాలి. గిలకల విల్లుకూ, అడ్డవిల్లుకూ కలిపి. నువ్వు యంత్రం, నేను విల్లు అని ఒకరినొకరు వెలివేసుకోవడం కుదరదు. ఇద్దరూ సులువు మరిగినవాళ్ళే. కుదించిన వారం తుపాకివాళ్ళకు కలపాలా, జింకలకే వదలాలా అన్నది అడవి లెక్క చూసేవాళ్ళు తేల్చాలి.

ఇంకొకటి. లైసెన్సు ఇచ్చేముందు గురి పరీక్ష పెట్టాలి. ఇప్పుడు మా రాష్ట్రంలో కొత్తగా వేటకు వచ్చేవాడికి పాఠం వున్నది, కాగితంమీద పరీక్ష వున్నది. జింక గుండె ఎక్కడుంటుందో బొమ్మమీద చూపిస్తే చాలు. అక్కడ కొట్టగలవా అని అడిగేవాడు లేడు. దశరథుడంతటి విలుకాడే చప్పుడుకు బాణం వేసి ముసలి తల్లిదండ్రులకు కొడుకు లేకుండా చేశాడు. వారం కిందట అడ్డవిల్లు కొన్నవాణ్ణి అడగకుండా ఎలా పంపుతారు? ఇరవై గజాల దూరాన భోజనపు పళ్ళెమంత గుండ్రం పెట్టి, వరుసగా నాలుగు బాణాలు అందులో వేయమనాలి. ముప్పై గజాల దగ్గర మరో రెండు. ఏ విల్లయినా సరే. వేయలేనివాడు మరో నెల సాధన చేసి రావచ్చు. చోటుకోసం వెతకనక్కరలేదు. ఆగస్టు వచ్చిందంటే విలుకాళ్ళ క్లబ్బుల్లో స్పాంజి జింకలు నిలబెట్టి పందేలు వేస్తూనే వుంటారు.

ఈ మాట బావా బావమరుదులిద్దరికీ చెప్పాను. ముసలాయన ఫీజు ఎంత పెడతారని అడిగాడు. బావమరిది కాసేపు ఆలోచించి, గుండ్రాన్ని నేలమీద నిలబడి కొట్టాలా, మంచెమీదనుంచి కొట్టాలా అన్నాడు. మంచి ప్రశ్న. పైనుంచి కిందికి కొట్టేటప్పుడు గురి వేరు. జింక పక్కటెముకలు కనబడే కోణమూ వేరు. అడవిలో అందరూ ఇరవై అడుగుల ఎత్తునే కూర్చుంటారు. కాబట్టి మంచెమీదనుంచే కొట్టించాలి.